మూడేసిసార్లు పిలిచే మామగారు

బోర్డు కనిపిస్తే మామగారు చదవకుండా కదలరు. చదవడమంటే కళ్ళతో కాదు, నోటితో, అదీ పక్క వీధికి వినపడేలా. కోర్టు బంట్రోతుగా ముప్పై మూడేళ్ళు గుమ్మంలో నిలబడి వాదినీ ప్రతివాదినీ పిలిచిన గొంతు అది. రిటైరయ్యాక పిలవడానికి మనుషులు దొరక్క బోర్డుల మీద పడ్డారు. అలవాటు ప్రకారం ఏ పేరైనా మూడుసార్లు పిలుస్తారు. పిలిచి కాసేపు ఆగుతారు, హాజరవుతుందేమోనని.

కొత్త అల్లుడికి ఈ సంగతి పెళ్ళినాడే తెలియాల్సింది. హాలు బయట "ఇక్కడ వాహనాలు నిలపరాదు" అని మామగారు ముమ్మారు చదివితే, తనకే చెబుతున్నారనుకుని, పెళ్ళిబట్టల్లోనే పరుగెత్తి బంధువుల కార్లన్నీ పక్కకు తీయించాడు.

అల్లుడు బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగి. ఏదైనా నిమిషం ఆలస్యమైతే పదిసార్లు వాచీ చూసుకునే రకం. అలాంటివాణ్ణి ఒక ఆదివారం పొద్దున అత్తమామలతో సముద్రపు కొండకు పంపింది భార్య. ఆమెకు ఆసుపత్రిలో డ్యూటీ.

"పన్నెండుకు లైట్‌హౌస్ మూసేస్తారు. ఈలోగా అమ్మను పైకి చేర్చు. నాన్న చదువుతుంటే మాత్రం అడ్డు తగలకు."

"కొండ మీద చదవడానికేముంది?"

"వెళ్ళాక తెలుస్తుందిగా."

వెళ్ళాక తెలిసింది. ఆ కొండంతా ఒకప్పటి కోట. ఇప్పుడు పార్కు చేశారు. కూలిన బురుజుకో బోర్డు, తుప్పుపట్టిన ఫిరంగికో బోర్డు, సైనికులు నీళ్ళు తోడుకున్న బావికో బోర్డు, ఆఖరికి చెత్తకుండీకీ ఒకటి. మామగారి పంట పండింది.

గేటు దగ్గరే అత్తగారు ఆగి వేలు చూపించారు. ఏటా ఎక్కే కొండే ఆవిడకు. రెండేళ్ళ క్రితం ఊపిరితిత్తులకు జబ్బు చేశాక మాత్రం ఇటు రాలేదు.

"ముందే చెబుతున్నా. పైదాకా నా కాళ్ళతో నేనే ఎక్కుతా. ఎవరైనా చెయ్యి పట్టుకున్నా, నా కోసం ఆగినా అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతా. మళ్ళీ ఈ కొండ మొహం చూడను. ఒకరికి బరువై ఎక్కే ఖర్మ నాకొద్దు."

"నీ కోసం ఎవరాగుతారు? నువ్వే మమ్మల్ని దాటిపోతావు" అంటూనే మామగారు మొదటి బోర్డు చేరారు.

"తూర్పు బురుజు... తూర్పు బురుజు... తూర్పు బురుజు."

బురుజు పలకలేదు. ఇక చదవడం మొదలైంది. ఎవరు కట్టించారు, ఏ తుపానుకు కూలింది, అన్నీ అయ్యాక "ఈ బోర్డుకు ఆనుకోరాదు" అని కూడా చదివారు. అప్పుడాయన దానికే ఆనుకుని ఉన్నారు.

అల్లుడు వాచీ చూసుకున్నాడు. "మామయ్యగారూ, దిగేటప్పుడు చదువుకుందామా?"

"దిగేటప్పుడు దీని వీపు కనిపిస్తుంది బాబూ. వీపు మీద ఏముంటుంది చదవడానికి?"

ఫిరంగికి ఐదు నిమిషాలు, బావికి ఆరు. కింద సముద్రం తళతళలాడుతోంది గానీ అల్లుడికి వాచీ ముల్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. చెత్తకుండీ దగ్గర "చెత్త... చెత్త... చెత్త" అని పిలిస్తే, ముందు నడుస్తున్న ఇద్దరు పెద్దమనుషులు వెనక్కి తిరిగి గుర్రుగా చూశారు. వాళ్ళకు క్షమాపణలు చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పోయాయి.

పదకొండూ నలభైకి ఆఖరి ఎక్కుడు వచ్చింది. రాతిలో తొలిచిన నిటారు మెట్లు. కనుచూపు మేరలో ఒక్క బోర్డు లేదు. బతికాననుకుని అల్లుడు గబగబా ముప్పై మెట్లెక్కి, "త్వరగా రండి" అనబోతూ వెనక్కి తిరిగాడు.

మామగారు అప్పటికే ఒక గుంజ పట్టుకుని చదువుతున్నారు. "జెండా మెట్ట... జెండా మెట్ట... జెండా మెట్ట."

గుంజకు రెండు తుప్పుపట్టిన మేకులున్నాయి. బోర్డు ఏ గాలికో ఎప్పుడో ఎగిరిపోయింది.

"పూర్వం ఈ మెట్ట మీద ఒక కావలివాడుండేవాడు" అని మామగారు తడుముకోకుండా చదువుతున్నారు. "వాడికొక భార్య. మహా మొండిది. కావలివాడికి తొందరేమీ లేదు. ఓడలు వాటి టైముకు అవే వస్తాయి..."

ఆయన వెనకాల అత్తగారు మెట్టు మీద కూలబడి ఊపిరి కోసం అవస్థ పడుతున్నారు. మామగారు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చెవి మాత్రం అటే ఉంది. ఆయాసం తగ్గి ఆవిడ లేచి నిలబడ్డాక గానీ ఆ కథ ఆగలేదు.

"ఇట్లు, పురావస్తు శాఖ."

"అయిందా మీ చదువు? మనుషుల్ని నిలబెట్టి చంపుతారు" అన్నారు అత్తగారు.

"అయింది, పద."

ఆ చదువంతా ఎవరి కోసమో అల్లుడికి అప్పుడర్థమైంది. పొద్దుటినుంచీ విసుక్కున్నందుకు సిగ్గేసింది. దిగివచ్చి అత్తగారి పక్కన నడిచాడు. మామగారు నాలుగు మెట్లు ముందున్నారు.

"అత్తయ్యగారూ, ఇందాక ఆ గుంజకు..."

"బోర్డు లేదనేగా? జబ్బు చేసింది ఊపిరితిత్తులకు బాబూ, కళ్ళకు కాదు." ఆవిడ గొంతు తగ్గించారు. "ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ముప్పై మూడేళ్ళు నిలబడ్డ కాళ్ళు కదా. నొప్పని చస్తే చెప్పరు. ఏదో ఒకటి పట్టుకుని చదువుకుంటే కాస్త తేరుకుంటారు. అందుకే నేనూ కూర్చుంటా, ఆయాసపడుతున్నట్టు. ఈ మాట ఆయన దగ్గర అనకు."

అల్లుడు ముందుకు చూశాడు. మామగారు మెట్టు మెట్టుకూ మోకాలి మీద చెయ్యి నొక్కి ఎక్కుతున్నారు. ఇంకా యాభై మెట్లున్నాయి. గుంజ కూడా లేదు. దారి పక్కన ఒక నల్లటి బండ మాత్రం ఉంది.

అతను వాచీ విప్పి జేబులో వేసుకుని ఆ బండ ముందు నిలబడ్డాడు. "మామయ్యగారూ, ఇక్కడేదో రాసుంది."

మామగారు బండను చూశారు, అల్లుణ్ణి చూశారు. నెమ్మదిగా దానికి ఆనుకున్నారు. "అక్షరాలు మరీ చిన్నవి. నువ్వే చదువు బాబూ."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "నల్లబండ... నల్లబండ."

"మూడోసారి?"

"నల్లబండ. ఇక్కడికి వచ్చినవారు పది నిమిషాలు ఆగి బయలుదేరవలెను. ఇట్లు, బస్సు డిపో."

అత్తగారు నవ్వాపుకుంటూ కూర్చున్నారు.

పైకి చేరేసరికి పన్నెండూ పది. లైట్‌హౌస్ తలుపు మూసి ఉంది. పక్కన చిన్న బోర్డు.

"కాపలాదారు... కాపలాదారు... కాపలాదారు."

తలుపు తెరుచుకుంది. నోట్లో ముద్దతో ఒక మనిషి తల బయటపెట్టి, "ఉన్నానండీ, ఏం కావాలి?" అన్నాడు.

పొద్దుటినుంచీ పిలిచినవాటిలో హాజరైంది ఇదొక్కటే. మామగారు అలవాటుకొద్దీ పక్కకు జరిగి దారిచ్చారు.

అత్తగారు సముద్రం వైపు తిరిగి నిండుగా ఊపిరి పీల్చుకున్నారు. "చూశారా, నా కాళ్ళతోనే ఎక్కాను. నా కోసం ఎవరైనా ఆగారా?"

"ఎవరూ ఆగలేదండీ" అన్నాడు అల్లుడు. "బోర్డుల కోసం ఆగాం."