నలభై ఆరు అడుగులు

ఆ రోజుల్లో నేను డైరీకి కూడా అబద్ధం చెప్పేదాన్ని. బడి మైదానంలో రాయిని జరిపింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆనాటి పేజీలో ‘ఎండ ఎక్కువగా ఉంది’ అని మాత్రమే రాసుకున్నాను.

పోలీసు చర్య అయిపోయి బడులు మళ్ళీ తెరిచారు. రజాకార్ల భయానికి ఊరు విడిచి సీతాఫల్‌మండిలో మా ఇంటికొచ్చిన మేనత్త కూతురు ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు సరికదా, నా తరగతిలోనే, నా బల్ల మీదే చేరింది. పొడుగ్గా ఉండేది, ఎవరితోనైనా జంకులేకుండా మాట్లాడేది. ‘దాన్ని జూసి నేర్సుకో’ అని మా అమ్మ రోజుకు పదిసార్లు అనేది. నేను నేర్చుకున్నది కుళ్ళుకోవడం ఒక్కటే.

ఒకనాడు సైన్సు టీచరమ్మ మైదానంలో ఒక రాయి పెట్టి, అక్కణ్ణుంచి ఉత్తరానికి నలభై అడుగులు, తూర్పుకు తిరిగి ముప్పై అడుగులు నడిచి, తిన్నగా రాయి దగ్గరికి ఎన్ని అడుగుల్లో వస్తామో లెక్కపెట్టమంది. డెబ్బై నడిచినా బయలుదేరిన చోటికి దూరం యాభై అడుగులే. ఈ సంగతి బాగా అర్థం చేసుకున్న పిల్లకు వేసవి సెలవుల్లో తన భౌతికశాస్త్రం పుస్తకం ఇస్తానంది. (ఆ పుస్తకం కోసం నేను సెలవులన్నీ అంట్లు తోమమన్నా తోమేదాన్ని.)

నలుగురికి యాభై వచ్చాక నా వంతు. వెళ్ళడం బాగానే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అందరూ నా ముఖంలోకే చూస్తుంటే సిగ్గుకు అడుగులు చిన్నవైపోయి (పెళ్ళికూతురి నడకని ఎవరో నవ్వారు కూడా) అరవై రెండయ్యాయి. తర్వాత మా మేనత్త కూతురు బయలుదేరింది. అందరి కళ్ళూ ఆమె మీదుండగా, లంగా అంచు చాటున రాయిని కాలితో ఆమె వచ్చే వైపు నాలుగడుగులు నెట్టాను.

నలభై ఆరే వచ్చాయి. మిగతా నాలుగూ ఏమయ్యాయని టీచరమ్మ అడిగింది. మేనత్త కూతురు నేలను చూసి, “లెక్క తప్పు గాదు టీచర్, రాయే ముంగటికొచ్చింది” అంది. టీచరమ్మ వంగి మట్టిలో గీత చూసి, ఎవరి మేకో తన్నిందనుకుని నవ్వి, పుస్తకం ఆమెకిచ్చేసింది. అంటే ఆ పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టింది నా కాలే.

ఇంటి దారిలో, మా గల్లీ మలుపులో ఆమె ఆగి, పుస్తకాన్ని నా సంచిలో దోపింది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కుళ్ళు మాత్రం పూర్తిగా పోలేదు. ఎందుకంటే ఆమె అన్న మాట ఇది: “నువ్వే సదువు వదినె. అత్తమ్మ అడిగితె మాత్రం నేనే సదువుతున్ననని జెప్పు.”