రూతక్క కుడి చెయ్యి

చచ్చుబడిన చెయ్యి ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. నేను ఎత్తలేదు. నా చేతిలో పెడితే నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయినా ఆ బరువు ఇన్నేళ్లుగా నా మీదే ఉంది. మోకాళ్ల మీద ప్రార్థనలో ఉన్నప్పుడూ ఉంది, పొయ్యి ముందు కూర్చున్నప్పుడూ ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీతో చెప్పగలుగుతున్నాను.

రూతక్క నా తోటికోడలు. మా ఊరు ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. బొగ్గు గనిలో పనిచేసే మా బావగారు జబ్బు చేసి పోయాక, ఆమె గని క్యాంటీన్‌లో వంటపనికి కుదిరింది. మా సంఘం చిన్నది, రేకుల మందిరం. అందులో పాట ఎత్తేది రూతక్కే. రేకుల మీద వాన దంచుతున్నా ఆమె గొంతు చివరి చాప దాకా వినబడేది. ఆమె రాని రోజు నేను ఎత్తేదాన్ని. ఆమె రాని రోజు మాత్రమే.

ఒకసారి స్త్రీల కూడికలో ప్రార్థన అవసరాలు చెప్పమన్నారు. నేను లేచాను. రూతక్క కోసం భారంతో ప్రార్థించండి, భర్త లేని మనిషి, పరాయి మగవాడి బండి ఎక్కుతున్నది, దారి తప్పకుండా ప్రభువు కాపాడాలి అన్నాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. అవి నిజమైన కన్నీళ్లేనా? అప్పుడు నిజమనే అనుకున్నాను. నేను చూసిందల్లా, బస్సు తప్పిన ఒక వానరోజు క్యాంటీన్ సూపర్‌వైజర్ ఆమెను రోడ్డు దగ్గర దింపిపోవడం. అంతకు మించి ఏమీ లేదని నా మనసుకు తెలుసు. చాడీ చెప్పి ఉంటే ఎవరైనా నా నోరు మూయించేవారు. ప్రార్థనను ఎవరు అడ్డుకుంటారు?

కొన్నాళ్లు పాట ఎత్తవద్దని పెద్దలు ఆమెకు చెప్పారు. ఆ కొన్నాళ్లు అలాగే సాగిపోయాయి. నేను పాట ఎత్తితే, రూతక్క చివరి చాప మీద కూర్చుని వంత పాడింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకు ముందు, మనసులు విరిగినవాళ్లు ఒకరి కుడి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. చేసిన తప్పేమిటో అందరూ వినేలా చెప్పి, క్షమించమని అడగాలి. ఆ సమయంలో నేను కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థనలో ఉండిపోయేదాన్ని. నా భక్తి చూసి ఎవరూ కదిలించేవారు కాదు.

ఒక పొద్దున పిండి కలుపుతూ రూతక్క కూలబడిపోయింది. పక్షవాతం. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఖమ్మం దవాఖానాలో నేనే తోడున్నాను. ఆమెను పరీక్షించడానికి ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి వచ్చేది, కారేపల్లి పిల్ల.

"పెద్దమ్మా, పండ్లు కనవడేటట్టు నవ్వు."

రూతక్క నోరు ఎడమవైపుకే సాగింది.

"సగమే నవ్వితివి! తక్కిన సగం ఎవరికి దాచినవే?"

ఆ మాటకు రూతక్క గొంతులోనే నవ్వింది. కళ్లు మూయమంటే మూసింది. చేతులు ఎత్తమంటే ఎడమది లేచింది, కుడిది లేవలేదు. పేరు చెప్పమంటే పెదవులు కదిలాయి, పేరు రాలేదు. పెన్ను చూపించి ఇది చెంచానా అంటే, కాదని తల ఊపింది. చెంచాతో నీళ్లు పోసి, గొంతు మీద వేలుంచి, మింగడం కూడా చూసింది ఆ పిల్ల.

"చూసిండ్రా చిన్నమ్మా, కొంచెం కొంచెం ఇస్తే మింగుతది. మాట పోయింది గాని తెలివి ఎటూ పోలే. మనమనేదంతా సమజైతున్నది. ఆమె ముందట జర చూసి మాట్లాడుండ్రి. ఏదీ, మీ చెయ్యి ఇయ్యుండ్రి. పెద్దమ్మా, నీ చెల్లె చెయ్యి గట్టిగ పట్టు."

బలమున్న చెయ్యి నా పక్కనే ఉంది. రూతక్క దానితో పట్టుకోలేదు. దానితో తన కుడి చేతిని దుప్పటి మీదనుంచి లేపి, పసిబిడ్డను మోసినట్టు తెచ్చి, నా అరచేతిలో పెట్టింది. నా ముఖంలోకి చూసింది.

"గది కాదు పెద్దమ్మా, బలమున్నది!" అని నవ్వింది ఆ పిల్ల.

అది పొరపాటు కాదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. తప్పు చేసింది నేను. చెయ్యి చాపింది ఆమె. నేను దుప్పటి సర్దుతున్నట్టు చెయ్యి లాక్కున్నాను.

ఇంటికి తెచ్చాక, బల్ల ఆదివారం నాడు మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చారు. మంచాన పడ్డవాళ్లకు ఆయన రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చి ఇస్తారు. కాని తీసుకునేదేమిటో ఎరగని స్థితిలో ఉన్నవారికి ఇవ్వరు, అది మా నియమం. తెల్లగుడ్డ కప్పిన పళ్లెంతో గడప దగ్గర ఆగి అడిగారు.

"రూతమ్మకు తెలివి ఉన్నదా అమ్మా?"

ఉందంటే పళ్లెంతో లోపలికి వస్తారు. రొట్టె ముట్టేముందు ఆమె ఆ చెయ్యి మళ్లీ నాకు చాపుతుంది. ఆయన చూస్తారు, ఎందుకని అడుగుతారు. అప్పుడు నేను చెప్పాలి.

"లేదయ్యగారూ. ఎవలొచ్చిండ్రో గూడ తెలుస్తలేదు."

మంచం గడప పక్కనే ఉంది. ఆమె వింది. ఆయన పళ్లెం అరుగు మీద పెట్టి వచ్చి, ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. రూతక్క నోరు తెరిచింది. తెరిచే ఉంచింది. అయ్యగారు తన రుమాలుతో ఆ నోరు తుడిచి, జాలిగా చూసి, వెళ్లిపోయారు. ఆయన బండి చప్పుడు వినబడకుండా పోయాక, ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని తీసి తన ఒడిలో పెట్టుకుంది.

ఆ తరువాత ఆమెకు తినిపించింది నేనే, స్నానం చేయించింది నేనే. సంఘంలో నన్ను మెచ్చుకున్నారు. ఆమె కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండేది. మధ్యాహ్నాలు మంచం అంచున నా చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని, మళ్లీ ఒక్కసారి ఆ కుడి చెయ్యి నా దాకా వస్తుందేమోనని. రాలేదు. నేనే ఎందుకు పట్టుకోలేదు? అది ఎటూ పోలేని చెయ్యి, నా ఎదురుగానే ఉండేది. బల్ల ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అయ్యగారు మళ్లీ అడగలేదు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆమె పోయింది, ఆ రొట్టె ముక్క లేకుండానే.

దేవుడు క్షమిస్తాడని ఎందరికో చెప్పినదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను. అయితే, ఆమెను అడగవలసింది ఆయనను అడిగి తప్పించుకుంటున్నానేమో. పాట ఎత్తిన ప్రతిసారీ నా చెవి చివరి చాప వైపే ఉంటుంది. వంత పాడే ఆ గొంతు కోసం.

మొన్న బల్ల ఆదివారం, పళ్లెం నా దాకా వచ్చినప్పుడు, మొదటిసారి ముట్టకుండా పక్కకు ఇచ్చేశాను. "ఏందక్కా, పాణం మంచిగ లేదా?" అంది పక్కనున్నామె. అవునని తల ఊపాను. మళ్లీ ఒక అబద్ధం.

సంఘం ముందు ఇంకా చెప్పలేదు. చెప్తానని మీకు మాట ఇవ్వలేను. ఆనాడు గడప దగ్గర చెప్పవలసిన మాట మాత్రం ఇక్కడ చెప్పుకుంటాను. ఇంతవరకు ఇది నా నోటినుంచి రాలేదు.

తెలివి ఉన్నదయ్యగారూ. అన్నీ సమజైతున్నయి. కుడి చెయ్యి ఎత్తి నా చేతుల పెట్టింది. లోపలికి రాండ్రి.