సూర్యాపేటలో పారబోసిన ఐసు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క మాట. అంత చిన్న మాట ఇంత బరువెలా అయిందో మీతో చెప్పుకుంటే తప్ప నాకే తెలిసేలా లేదు.

మాది ఒకప్పుడు పెద్ద కుటుంబం. భూములు పోయాయి, బంగ్లా పోయింది. తల ఎత్తుకుని నడిచే అలవాటు మాత్రం నాకు మిగిలింది. చదువయ్యాక కోదాడలో కోళ్ల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబులో చేరాను.

కోళ్లకు దగ్గు, గురక తెచ్చే కరోనా వైరస్ ఒకటి ఉంది. దాని పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లోని చిన్న ముక్కను హైదరాబాదులో కృత్రిమంగా చేయించాం. పెప్టైడ్ అంటారు. దానితో జబ్బు రాదు. కోడి ఒంట్లోని రక్షణ శక్తి దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుందా అని చూడటమే మా పని. ఆ పెప్టైడ్‌ను కరిగించి, గడ్డకట్టించి నింపిన సీసాలను, ఐసు పోసిన థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని నేనే బస్సులో తెస్తున్నాను. ఎండాకాలం.

సూర్యాపేటలో బస్సు మారాలి. బస్టాండులో, ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసిన ముసలాయన ఎదురై నా చేతిలోని డబ్బా చూశాడు.

“ఏం చిన్నదొరా, శాపల బ్యారం వెట్టినవా? మాకో కిలో జోకరాదు!”

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనది సరదా మాటే. నన్ను చేపలు తూచి అమ్మేవాణ్ని చేశాడని నాకు ఒళ్లు మండింది. పక్కకు వెళ్లి ఐసు పారబోసి, డబ్బా వదిలేసి, సీసాలను తోలు సంచిలో వేసుకున్నాను. బస్సు ఎంతకీ రాలేదు. కోదాడ చేరేసరికి సీసాలు వెచ్చబడ్డాయి. ఎవరూ చూడకముందే ఫ్రీజర్‌లో పెట్టేశాను. మళ్లీ గడ్డకడితే చాలనుకున్నానా? లేదు. పాడై ఉంటుందని నాకు తెలుసు. నేను చదివిన చదువే అది.

కోళ్లకు ఇంజెక్షన్లు ఇచ్చింది శారద. పెన్‌పహాడ్ దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. కొన్ని వారాల తర్వాత రక్తం పరీక్షిస్తే యాంటీబాడీలు లేవు. ల్యాబు యజమాని ఆమెనే నిలదీశాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఏమనుకోకుండ్రి. మీరు తెచ్చిననాడు డబ్బాల ఐసు ఉండెనా?”

“ఉండె.”

“జర యాది చేసుకోండ్రి సార్. నా నౌకరి పోయేటట్టున్నది.”

“నన్నే అనుమానిస్తున్నవా?”

“అయ్యో, మిమ్మల్నెట్లంట సార్? ఇగ నా చెయ్యే తప్పినట్టున్నది.”

ఆమె ఉద్యోగం పోయింది. రెండోసారి పెప్టైడ్ కొరియర్‌లో భద్రంగా వచ్చింది. ఇంజెక్షన్లు నేనే ఇచ్చాను. యాంటీబాడీలు వచ్చాయి. తప్పు శారదదేనని అందరికీ రుజువైపోయింది. యజమాని నన్ను మెచ్చుకుంటుంటే తల దించుకోలేదు. దించుకుంటే దొరికిపోతానని భయమా, లేక ఆ మెప్పు నాకు నిజంగానే నచ్చిందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నిరుడు మిర్యాలగూడలో ఒక బట్టల షాపులో చీరలు చూపిస్తూ కనబడింది. ఆ తర్వాత ఏ ల్యాబులోనూ పని దొరకలేదట. “యాడ తప్పిన్నో ఇప్పటికీ సమజ్ కాదు సార్,” అంది. నేను చెప్పలేదు. బయటికి వచ్చేశాను.

క్షమించమని అడగడానికి మీరు శారద కారు. కానీ ఇంతవరకు నా చేత్తో రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. శారద ఎక్కడా తప్పలేదు. పాడుచేసింది నేను.

రాశాక కొంచెం ఊపిరాడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా తెలియదు.