పాట ఎత్తుకోవడం నేర్పిన పెద్దత్త

పెద్దత్త పోయిందన్న సంగతి నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. పొద్దున్నే ఆమెను చూడటానికి సూర్యాపేట దవాఖానకు వెళ్లిన మా ఆయన మధ్యాహ్నం తిరిగొచ్చాడు. మామూలుగా ఆయన ఆటో సందు మలుపులో ఉండగానే అందులోని పాటలు మా వంటింట్లోకి వినిపిస్తాయి. ఆ రోజు ఇంజన్ చప్పుడు ఒక్కటే వచ్చింది. బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టి బయటికి వచ్చాను. ఆయన ఆటో దిగకుండా హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

ఆమె మా అత్తగారికి అక్క. మా ఆయనకు పెద్దమ్మ, నాకు పెద్దత్త. నేరేడుచర్ల చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లకు మాత్రం ఆమె పాటలామె. గొంతు తియ్యనిదేమీ కాదు, ఎండిన బీరపీచులా గరుకుగా ఉండేది. అయినా ఆమె పాట ఎత్తుకుందంటే గట్టు మీద పోయేవాళ్లు ఆగేవారు. అప్పటిదాకా నడుం నొప్పి అని మూలిగిన ఆడవాళ్లు కూడా గొంతు కలిపేవారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కాళ్లు తడవకపోతే పాట వచ్చేది కాదు. మిర్యాలగూడలో మా చుట్టాల పెళ్లికి పోతే, ఫంక్షన్ హాల్లో అందరూ పాడమని పట్టుబట్టారు. "గీ గచ్చు మీద నాకు రాదు" అన్నది. బతిమాలితే చెంబుతో నీళ్లు తెప్పించుకుని, కుర్చీలో కూర్చునే కాళ్ల మీద పోసుకుంది. నున్నటి బండల మీద నీళ్లు పారాయి. హాలు మనిషి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె పాట ఎత్తుకోనే ఎత్తుకుంది. అతను తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని చివరి దాకా విన్నాడు.

అలాంటి మనిషి నాలాంటి దానితో పాట కట్టించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నమ్మకం కలగదు.

నాది కోదాడ అవతలి ఊరు. ఏడో తరగతి దాకే చదివాను. మా వైపు మాట కొంచెం ఆంధ్ర వాళ్ల మాటలా ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో మా ఆయన్ను "ఏమండీ" అని పిలిచాను. మా ఆడబిడ్డ కడుపు పట్టుకుని నవ్వింది. "ఏమండీనట! ఓ అమ్మా, జల్ది రాయే, టీవీ సీరియల్ నడిసి మనింటికే వచ్చింది" అన్నది. ఆ పిల్ల మనసులో ఏమీ లేదు, సరదాకే అన్నది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆయన్ను పిలవడమే మానేశాను. పేరు పెట్టి పిలవకూడదు. ఏమండీ అంటే నవ్వుతారు. ఏమయ్యా అనడానికి నోరు రాదు. అన్నం వడ్డించి గిన్నె మీద గరిటెతో చప్పుడు చేసేదాన్ని. ఆయన వచ్చి తినేవాడు.

ఇలా చాలా కాలం గడిచింది. ఒక సాయంత్రం ఆయన ఆటో కడుగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"నీకిష్టం లేకుండ చేసిన్రా గీ పెండ్లి? నేనేమనుకోను, చెప్పు. మీ అమ్మగారింట్ల ఉంటనంటే తోలొస్త."

ఇష్టమే అని చెప్పాలి, అంతే. ఆ ఒక్క మాట నాలుక మీదికి రాలేదు. ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆయన దాన్నే జవాబు అనుకున్నాడు. నాట్లు అయినంక పిల్లను కోదాడ తోలొస్త అని మా అత్తగారితో అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను.

మర్నాడు పెద్దత్త ఇంటి అరుగు మీద కందికాయలు ఒలుస్తూ కూర్చున్నాం. నా కళ్లు చూసి ఆమె అన్నీ రాబట్టింది. ఓదార్చలేదు.

"మాట రాకుంటే పాట ఎత్తుకో" అన్నది.

"నాకు పాటలు రావు అత్తమ్మా."

"సదువుకున్నవ్ గద. రాసుకొని రా, సూద్దాం."

ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనుక రాసుకుని, తెల్లారి మళ్లీ ఆ అరుగు మీదికే వెళ్లాను. అందులో పున్నమి వెన్నెల ఉంది, గులాబీ ఉంది, నా ప్రాణమా అని ఉంది. ప్రేమ అన్న మాట ప్రతి వరసలోనూ ఉంది. బాగా రాశాననే అనుకుని చదివాను. ఆమె చివరి దాకా విని తల ఊపింది.

"మంచిగనే ఉంది. గిది ఎవరి మొగని పాటనే?"

"అదేంటి అత్తమ్మా, మీ కొడుకు మీదే."

"మా వోని మొఖాన పున్నమి ఎన్నెల ఎక్కడిదే? నెత్తికి నూనె ఎక్కువైతే మెరుస్తడు, గంతే."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మునగాల దాబా ముంగట ఆగిన లారీ డ్రైవర్లున్నరు గద, అండ్ల ఎవనికి పాడినా సరిపోతది గీ పాట. మనోని మీద కట్టిన పాట ఇంకొకనికి సరిపోవద్దు."

"మరి ఎలా మొదలుపెట్టాలి?"

"మొదలువెట్టుడేంది? అదేమన్న ఇల్లు కట్టుడా? పాటను ఎత్తుకుంటరు." చేతిలో కాయలు ఒడిలో వదిలి, రెండు చేతులూ నా ముందుకు చాపింది. "పసిపిల్లను ఎట్ల ఎత్తుకుంటవు? చెయ్యి వట్టి గుంజవు గద. మెడ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి. పాటకు గూడ మెడ ఉంటది. అది దొరికిందా, అదే నీ సంకకెక్కుతది."

పాట ఎత్తుకోవడం అన్న మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాను, ఎన్నోసార్లు అన్నాను కూడా. అందులో ఒక పసిపిల్ల ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆమె చాపిన చేతుల వంకే చూస్తుండిపోయాను.

"పాటకు మెడ ఎక్కడుంటుంది అత్తమ్మా?"

"వాడొక్కడే చేసేది, నువ్వొక్కదానివే సూసేది ఏముంటదో, గాడ. చెప్పు, మా వోడు ఏం జేస్తడు?"

"ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుంటాడు."

"అందరు కడుక్కుంటరు."

"అన్నంలో ముందు పచ్చడి కలుపుకుంటాడు."

"వాళ్ల నాయిన గూడ గంతే. ఇంకా?"

నేను ఒడిలోని పొట్టు దులిపాను. తర్వాత మెల్లగా చెప్పాను. మిర్యాలగూడ పోయేటప్పుడు నేను ఆటోలో వెనుక, ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంటాను. అందరూ ఎక్కాక ఆయన ముందున్న అద్దం కొంచెం వంచుతాడు.

"ఎందుకు?"

"నేను కనపడాలని."

కందికాయ ఒలుస్తున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి. "ఇగ ఎత్తుకో" అన్నది, గుసగుసగా.

ఎత్తుకుందామంటే మళ్లీ అదే చిక్కు. ఆయన్ను ఏమని పిలవను?

"ఊరంత వాన్ని ఏమంటది?"

"ఆటోవాలా."

"నువ్వు గూడ గదే అను. నువ్వంటే వేరే తీరుంటది."

అలా అక్కడే, ఆ అరుగు మీదే వచ్చాయి రెండు వరసలు.

అద్దమెందుకు వంచావయ్యా ఆటోవాలా
దారి చూడక నన్ను చూస్తే గుంతలో పడమా

"ఇందులో ప్రేమ అన్న మాటే రాలేదు కదా అత్తమ్మా" అన్నాను.

"మరి అద్దమెందుకు వంగింది? గాలికా?"

సాగర్ కాలువ నీళ్లు వదిలారు. యాసంగి నాట్లు మొదలయ్యాయి. నేనూ గుంపుతో పోయాను. మడిలో దిగి వంగగానే పెద్దత్త అందరికీ వినపడేలా అరిచింది. "ఇయ్యాల నేను ఎత్తుకోను. మా కోదాడ పిల్ల ఎత్తుకుంటది."

బురదలో నారు దిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తల ఎత్తకుండా, నీళ్లకు చెప్పుకున్నట్టుగా పాడాను. మొదటి వరస అయింది. రెండోది సగంలో వణికి ఆగిపోయింది. అప్పుడు అవతలి చివర నుంచి ఆ గరుకు గొంతు వచ్చి నా మాటను కింద పడకుండా అందుకుంది. వెంటనే మడి మడంతా అందుకుంది. నేను "దారి చూడక" అన్నాను. వాళ్ల నోళ్లలో అది "తొవ్వ సూడక నన్ను సూస్తే గుంతల వడమా" అయింది. నవ్వడానికి కాదు, వాళ్ల సొంతం చేసుకుని అలా పాడారు. అందరం ఆ పాటతోనే ఒక్కో అడుగు వెనక్కి వేశాం, మా ముందు పచ్చటి వరసలు నిలబడుతూ వచ్చాయి. నా నోట్లోంచి వచ్చిన మాట అంతమంది నోళ్లలో తిరగడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది, ఎవరికీ కనపడలేదు.

"ఓ పిల్లా, మూగదాని లెక్కుంటవు, గింత ముచ్చట ఏడ దాచినవే!" అన్నది పక్కనున్నామె.

సాయంత్రం మమ్మల్ని ఊళ్లోకి తీసుకుపోవడానికి వచ్చింది మా ఆయన ఆటోనే. పెద్దత్త ముందు ఆయన పక్కన కూర్చుంది. మేమంతా వెనుక ఒకరి ఒళ్లో ఒకరం. బండి కదిలిందో లేదో ఆడవాళ్లు ఎత్తుకున్నారు. ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఆటోలో పెట్టుకున్న పాటలు బంద్ చేశాడు.

"ఎవరి మీదనే గీ పాట?"

"ఇంకెవరున్నరు ఆటోవాలా, నీ మీదనే!"

"ఎవరు కట్టిన్రు?"

ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. నేను కొంగు మొహానికి కప్పుకున్నాను. పెద్దత్త తొవ్వ మీది నుంచి చూపు తిప్పకుండా అన్నది, "వంచినోనివి నువ్వే గదరా. అండ్లనే సూస్కో."

ఆయన చూశాడు. ఎంతసేపు చూశాడంటే ఆటో నిజంగానే గుంతలో పడింది. ఒకరి తల ఒకరికి తగిలింది. కేకలు, నవ్వులు. "ముందుగాల్నే చెప్పినం గదరా పాటల!" అని వెనుక నుంచి ఎవరో ఆయన వీపు మీద చరిచారు. కొంగు సందులోంచి చూశాను. ఆయన చెవుల దాకా ఎర్రబడి ఉన్నాడు. నన్ను పుట్టింటికి తోలొచ్చే మాట ఆయన ఆ రోజు నుంచి ఎత్తలేదు.

ఒక్కొక్కరూ దిగిపోయారు. పెద్దత్త ఇంటి సందు దగ్గర ఆటో ఆగింది. ఆమె దిగి, సద్దిగిన్నె చంకన పెట్టుకుని నడవసాగింది. మోకాళ్ల దాకా మట్టి ఎండి తెల్లబడి ఉంది. ఆయన అప్పుడు ఖాళీ అయిన ముందు సీటు భుజం మీది టవల్‌తో తుడిచాడు. నేను దిగి వచ్చి పక్కన కూర్చున్నాను. కాళ్లకు తడి లేకపోయినా, సందులో పెద్దత్త పాడుకుంటూ పోతోంది. నేను కట్టిన వరసలు అయిపోయినా ఆమె ఆపలేదు. నాకు ఇంకా దొరకని తర్వాతి వరసలు తనే కడుతూ పోతోంది. ఆటో కదిలింది. పాటలో మాటలు ఇక వినపడలేదు. సద్దిగిన్నె మూత మీద వేళ్లతో దరువు వేసుకుంటూ, వంగిన నడుముతో, తల ఊపుకుంటూ ఆమె తన గుమ్మం వైపు పోతోంది.