ప్లేగు గుడిసెల నడుమ పడుగు

ఎలుకలు చచ్చి రాలడం మొదలుకాగానే మా సాలెవాడ మొత్తం ఇళ్లకు తాళాలు వేసి చేలల్లోకి వెళ్లింది. ప్లేగు వస్తే అప్పట్లో అందరూ చేసే పనే అది. గుడిసెలు ఎక్కడెక్కడ వేయాలో చూసే పని మా బాపు నెత్తిన పడింది. నాకప్పుడు పదేళ్లు. ఆయన ఏం చేసినా వంకలు వెతికేదాన్ని.

అందరూ గట్టు పక్కన దగ్గరదగ్గరగా వేసుకుందామన్నారు. బాపు వినలేదు. గుడిసెకూ గుడిసెకూ ఎడం పెట్టి రెండు వరసలు గీశాడు. నడుమ పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, బారుగా చాచేంత జాగా వదిలాడు. నీళ్ల కాగులు ఒక కొసన, పొయ్యిలు ఇంకో కొసన పెట్టించాడు.

"నీళ్లకు గంత దూరం నడవాల్నా? నీకేమన్న పిచ్చా?" అంది మా అవ్వ, బాపు తల్లి.

"మగ్గాలు ఊర్లనే ఉండిపాయె. కూసుంటే కాళ్లు పట్టుకపోతయి. నడువు జర."

ఆడవాళ్లంతా ఆయన్ను తిట్టుకుంటూనే నడిచారు. రోజుకొక ఇంటివాళ్లు తమ పడుగును ఆ జాగాలో చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆ కొసకూ ఈ కొసకూ తిరిగేవారు.

తిరగనిది మా అమ్మ ఒక్కతే. జ్వరంతో నా తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమె మంచం దిగలేదు. చేలల్లోకి కూడా మంచంతోనే మోసుకొచ్చారు. కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఆమె కూడా పోతుందేమోనని నాకు చచ్చేంత భయం.

మా వంతు వచ్చిన రోజు బాపు ముందు, నేను వెనక నడుస్తున్నాం. సరిగ్గా మా గుడిసె ముందు ఒక పోగు తెగింది. బాపు చూడనట్టే ముందుకు పోయాడు.

"పోగు తెగింది, కనబడ్తలేదా?" లోపలి నుంచి అమ్మ గొంతు. ఎన్నాళ్లకు విన్నానో!

"నా కండ్లు మసకైనయి. నువ్వే అతుకు."

అమ్మ గుంజ పట్టుకుని లేచింది. వణుకుతూ వచ్చి పోగు అతికింది. రెండడుగుల అవతల ఇంకొకటి తెగి ఉంది. దాని అవతల మరొకటి. అతుక్కుంటూ, బాపును తిట్టుకుంటూ పొయ్యిల దాకా నడిచింది.

వెనక ఉన్న నాకు అంతా కనిపించింది. ఒక్క పోగు తెంపినందుకు అంతకుముందు నా చెంప పగలగొట్టిన మనిషి, ఆ రోజు పడుగు పొడవునా గోటితో పోగులు తెంపుకుంటూ పోయాడు. నేను వంక పెట్టలేదు.