దిబ్బ ఇసుక

బంగారు గనులు మూతపడిన ఊళ్లో ఒక ట్రాక్టరు నిండా ఇసుకను వట్టి కిరాయికే ఇంటి ముందు దింపించుకున్న కోడల్ని నేనే. ఆ కిరాయిలోనూ నాలుగో వంతు తగ్గించాను. బేతమంగళలో మా నాన్న చిల్లర అంగడి గల్లా పక్కన పెరిగినదాన్ని. అడిగిన ధర ఇచ్చేస్తే ఆ పూట నాకు అన్నం సయించదు.

అది ఏటి ఇసుక కాదు. గనిలోంచి తీసిన రాయిని పొడి కొట్టి, సైనైడు నీళ్లతో బంగారం లాగేశాక పారబోసిన పిండి. మా అత్తగారింటి వెనక దిబ్బలు దిబ్బలుగా ఉంది. కొత్త గదికి, వానకు బురదయ్యే పెరటికి పూడిక కావాలి. కళ్లెదురుగా అంత సరుకు పెట్టుకుని ఏటి ఇసుక కొనడం నాకు అవమానంగా తోచింది. మిగిలింది డబ్బాలో పోసి గిన్నెలు తోమాను. ఇత్తడి చెంబు తళతళలాడేది. వచ్చినవాళ్లకల్లా ఆ చెంబు చూపించేదాన్ని.

గాలికాలం వచ్చేసరికి ఆ పిండి పెరట్లో నిలవలేదు. ఆరేసిన చీరల మీద, పక్కబట్టల్లో, మూత తీసిన కూరలో కనిపించేది. ఊరంతా ఇంతే కదా అని దులుపుకున్నాను. ఆ ఏడాది నాకు మూడో నెల గర్భం పోయింది. మరుసటి ఏడాది నాలుగో నెలది ఇంకొకటి.

అత్త నన్నేమీ అనలేదు. ఆమే నన్ను బస్సెక్కించి కోలారులో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఇల్లెక్కడో, నీళ్లెక్కడివో అడిగింది. నేను ఇసుక బేరం, చెంబు మెరుపు కూడా చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది.

తల్లికీ బిడ్డకీ నడుమ మాయ ఉంటుంది. మొదటి నెలల్లో దాని కణాలు గర్భసంచి గోడలోకి దిగి తల్లి రక్తం బిడ్డ వైపు వచ్చేలా దారి చేయాలి అని చెప్పింది. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఒంట్లో చేరితే ఆ కణాలు దెబ్బతినవచ్చు. అవి సరిగా దిగకపోతే బిడ్డకు అందాల్సింది అందదు. మాయ కాపలా అనుకుంటాం గానీ కొన్ని విషాలను అది ఆపలేదట. నాకు మా గల్లాయే గుర్తొచ్చింది. అక్కడ కూర్చున్న మనిషి జబ్బుపడితే అటు సరుకు ఇటు కదలదు.

ఇసుకవల్లేనా అని రెండుసార్లు అడిగాను. ఒక మాట చెప్పించుకుని లేవాలని నా పట్టు. ఆమె తగ్గలేదు. గర్భాలు వేరే కారణాలతోనూ పోతాయి, నీ విషయంలో ఏదో నేను తేల్చలేను, ఇసుకను మాత్రం ముందు ఇంట్లోంచి తీయించు అంది.

తిరుగు బస్సులో అత్త తన సంగతి చెప్పింది.

"నేను ఆ దుమ్ములోనే నలుగుర్ని కన్నాను గదమ్మా." టికెట్టు కొంగున ముడేసుకుంటూ, "నడుమ రెండు పోయినాయి. అప్పుడు అడిగినోళ్లెవరు, చెప్పేదానికి" అంది.

మర్నాడే ఇసుక తెచ్చిన ట్రాక్టరు మనిషినే పిలిపించి ఇసుకంతా తవ్వించి మళ్లీ దిబ్బ మీదే పోయమన్నాను. తెచ్చినదానికి రెట్టింపు అడిగాడు.

"యాడ పోస్తే నీకేమమ్మా? చోటు నాకొదిలేయ్, సగానికే ఎత్తుకుపోతాను."

"సరే, ఎత్తుకుపో అప్పా" అన్నాను. సగం మిగిలిందని ఆ పూట సంతోషంగా అన్నం తిన్నాను.

మూడోసారి నెల తప్పగానే పుట్టింటికి వెళ్లిపోయాను. ఈసారి నిలిచింది. ఆడపిల్ల. దాన్నెత్తుకుని తిరిగొచ్చిన వారానికి, మూడు వీధుల అవతల కడుతున్న ఒక ఇంటి ముంగిట్లో బూడిదరంగు పూడిక చూశాను. మా పెరట్లో పూడికతో కలిసిపోయిన ఎర్ర పెంకు ముక్కలు అందులోనే ఉన్నాయి. ఆ ఇంటామె నాకంటే చిన్నది. ట్రాక్టరాయన చవగ్గా ఇచ్చినాడక్కా, ఏడాదిగా ఈడే ఉండాది అంది. నా దగ్గర ఎత్తడానికి, వీళ్ల దగ్గర దించడానికి రెండు చోట్లా వసూలు చేశాడన్నమాట. మా నాన్న చూసుంటే వాణ్ని అంగట్లో పెట్టుకునేవాడు.

ఆమెకు డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆమె నా చంకలో పాపను చూసింది.

"ఇప్పుడా అక్కా చెప్పేది?"

కిరాయి నేనే ఇచ్చి, బేరమాడకుండా, ట్రాక్టరు వెనకే నడిచి ఇసుకను దిబ్బ మీద పోయించాను.

ఊరికే వచ్చిన సరుకుకు మూడు కిరాయిలు. నా రెండు గర్భాలు దానివల్లే పోయాయని రాయలేను, ఊరు మారినందుకే పాప దక్కిందనీ రాయలేను. డాక్టరమ్మ తేల్చనిది నేను తేల్చకూడదు. తేలినది ఒక్కటే. నా ఇంటికి దాన్ని తెలియక తెచ్చుకున్నాను, ఆ ఇంటికి తెలిసి పంపాను. ఏడాదిలో ఆమెకేమైనా అయిందా అని మాత్రం ఆ రోజు నేను అడగలేదు.