చేతిగుడ్డ కింది అక్షరాలు

మా ఇంగ్లీషు సారు కన్నుమూశారన్న కబురు మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో తొందరలో ఇంగ్లీషులో పెట్టారు. చనిపోయారనడానికీ, రంగు వేసుకున్నారనడానికీ ఆ భాషలో పలుకు ఒకటే, రాతలో ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం కాస్తా మారిపోయి, 'మన సారు ఈ ఉదయం రంగు వేసుకున్నారు' అని వచ్చింది. తల ముగ్గుబుట్టలా నెరిసినా ఏనాడూ రంగు ముట్టని మనిషాయన. కింద అప్పటికే శానామంది 'ఆమెన్' పెట్టేశారు. నేను ఏడుస్తూనే ఆ తప్పు చూశాను. ఆయన దగ్గర పదో తరగతి చదివినవాళ్ళకు కన్నీళ్ళలో కూడా తప్పు కనబడుతుంది.

మా బేతంచెర్లలో ఆయన చదవకుండా దాటిన బోర్డు లేదు. తప్పు కనబడితే నవ్వుకుని పోయేవారు కాదు. ఒక హోటలువాళ్ళు ఇంగ్లీషులో వంటగది అని రాయబోయి తలుపు మీద కోడి అని రాయించారు. సారు లోపలికి వెళ్ళి, టీ తాగి, గ్లాసు పెడుతూ మెల్లగా అన్నారు: "టీ శానా బాగుండాదప్పా. తలుపు మీద మాత్రం అక్షరాలు దారి తప్పినాయి. ఇంటికి తోలుకొనిరా."

"వంటింట్లో ఉండేది కోడే కదా సారూ!" అన్నాడు హోటలాయన.

సారు ఆ మాటను ఏళ్ళ తరబడి మెచ్చుకుంటూ తిరిగారు. బోర్డును మాత్రం మార్పించారు.

బడిలో వెనక బెంచీ పిల్లవాడి నిక్కరు జారుతుంటే, వాణ్ణి నిలబెట్టి పాఠం చెప్పేవారు. "ఇంగ్లీషులో వదులు అనే మాటలో రెండు సున్నలుంటాయి. దాంట్లో ఒకటి పోతే, ఆ మాటకర్థం పోగొట్టుకోవడం. పట్టుకోరా నాయనా, నీది పోతాండాది!" ఆ రెండు మాటలూ నాకు ఇప్పటికీ తారుమారు కావు.

మా వాళ్ళకు సమాధి రాయి మీద ఇంగ్లీషు ఉంటేనే మర్యాద. మా పెద్దమ్మ రాయి మీద 'దేవదూతల మధ్య నిద్రిస్తోంది' అని ఉండాలి. రెండక్షరాలు అటుదిటు అయి ఇంగ్లీషు దేవదూతలు కోణాలయ్యారు. పాపం, ఆమె ఇప్పటికీ కోణాల మధ్యే ఉంది.

అప్పటినుంచి సారు ఒక పద్ధతి పెట్టారు. అక్షరాలు చెక్కే భాయి ముందు బండ మీద సుద్దముక్కతో రాయాలి. ఆదివారం ఆరాధన అయ్యాక సారు తన చేతిగుడ్డ మడిచి వరుస మీద కప్పి, చివరి నుంచి ఒక్కో అక్షరమే బయటపడేలా వెనక్కి జరుపుతూ పైకి చదివేవారు. ఆఖరి వరుస మొదట, పేరు చివర. "ముందు నుంచి చదివితే కన్ను దానికి కావలసింది చూస్తాది. వెనక నుంచైతే ఉండేది చూస్తాది," అనేవారు. అంతా సరిపోతే, "ఇంక కొట్టు భాయ్." ఎవరైనా తొందరపెడితే, "కాగితం మీద తప్పుకు రబ్బరుండాది. బండ మీద తప్పుకు ప్రభువు రెండో రాకడే దిక్కు."

ఇప్పుడు ఆయన రాయే వచ్చింది. భాయి ఆయన పేరూ, కింద ఒక బైబిలు వాక్యమూ ఇంగ్లీషులో సుద్దతో రాసి చర్చి గోడకు ఆనించాడు. శాంతి అనే మాట దగ్గర గొడవ మొదలైంది. శాంతికీ, ముక్కకూ కూడా ఆ భాషలో పలుకు ఒకటే.

"అది శాంతి కాదు భాయ్, ముక్క!" అన్నాడు వాట్సాప్‌లో ఆ కబురు పెట్టిన సంఘం తమ్ముడే.

"రంగేసినోనివి, నువ్వు మాట్లాడాకు," అన్నాడు భాయి.

తుడిచారు, రాశారు, మళ్ళీ తుడిచారు. ఆదివారం పోయి ఆదివారం వచ్చింది. సుత్తి మాత్రం లేవలేదు. "సారు కొట్టు అనకుండా నా చెయ్యి రాదు," అని భాయి కూర్చున్నాడు.

సారు భార్యను మేమంతా అమ్మ అంటాం. ఆమెకు ఇంగ్లీషు రాదు. రోజూ నన్ను అడిగేది: "ఏం పాపా, ఆయనకు రాయి పెట్టేదుండాదా, లేదా? జ్ఞాపకార్థ కూడిక వస్తాంది. ఉత్త మట్టి దిబ్బకాడ పాటలు పాడల్లనా? తప్పో ఒప్పో, కొట్టమను!"

మొన్న ఆదివారం అమ్మే సారు చేతిగుడ్డ ఉతికి, మడిచి తెచ్చింది. నేను సారు ఇంగ్లీషు బైబిలు తెరిచి పట్టుకున్నాను. అమ్మ గుడ్డ జరుపుతుంటే, బయటపడిన ఒక్కో అక్షరాన్నీ సంఘమంతా కీర్తన పాడినట్టు పలికింది. నేను వాక్యంతో సరిచూశాను. శాంతి కుదిరింది. పై వరుసకు వచ్చాం, సారు పేరుకు. భాయి ఉలి తీసుకుని లేచాడు.

గుడ్డ కింద ఇంక ఒక్క అక్షరమే మిగిలింది, ఆయన పేరులో మొదటిది. అమ్మ దాని మీద అరచెయ్యి ఆనించింది. తీయలేదు.

"అమ్మా, ఇంక కొట్టేదా?" అన్నాడు భాయి.

"ఉండు భాయ్," అంది అమ్మ. "ఇప్పుడు తొందరేముండాది."